ఆయాసానికి ముందు పదిహేను రోజులు

(డాక్టర్ ఐడా స్కడర్ స్మృతిలో వేలూరులో తెలుగువారు జరుపుకున్న సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఊపిరితిత్తుల్లో చేరిన నీటిని ఎలా కొలుస్తారు అన్నది ఈ సాయంత్రం నేను ఎంచుకున్న విషయం. స్మారకోపన్యాసానికి ఇదేం విషయమని మీలో కొందరికి అనిపించవచ్చు. ఐడా స్కడర్ పేరు వినగానే చాలామందికి ఈ ఊరి పెద్దాసుపత్రి సీఎంసీ కళ్ళ ముందు మెదులుతుంది. నాకు మాత్రం గుడియాత్తం దారి గుర్తొస్తుంది. 1900లో ఆమె ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం 1902 నాటికి 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి అయింది. ఆసుపత్రి లేచింది కదా, ఇక రోగులే వస్తారులే అని ఆమె కూర్చోలేదు. 1906 నుంచి మందుల పెట్టెలు వేసుకుని ఊళ్ళ బాట పట్టారు. మొదట బండి, ఆ తర్వాత ఫ్రాన్సులో తయారైన ప్యూజో కారు. గుడియాత్తం వెళ్ళే దారిలో చెట్ల కింద ఆగడం, అక్కడ కాచుకుని ఉన్నవాళ్ళను చూడడం, కట్లు కట్టడం, మళ్ళీ బయల్దేరడం. ఈ రాయవేలూరు నుంచి గుడియాత్తం 30 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ దూరమే ఈ ఉపన్యాసానికి ఆధారం. నీటిని కొలిచే విద్య రెండున్నర శతాబ్దాల్లో ఎంతో ఎదిగింది. అయితే ఆ ఎదుగుదల చాలావరకు ఐసీయూ గది లోపలే జరిగింది. ఇప్పుడది గుడియాత్తం దారి పట్టాలని నా కోరిక.

మనవాళ్ళు 'ఊపిరితిత్తులకు నీరు పట్టింది' అంటే అది రెండు వేర్వేరు జబ్బుల్లో ఏదైనా కావచ్చు. ఒకటి, ఊపిరితిత్తికీ పక్కటెముకల గోడకూ మధ్యనున్న పొరల్లో చేరే నీరు. మన ప్రాంతంలో దీనికి పెద్ద కారణం క్షయ. వీపులో సూది గుచ్చి ఈ నీటిని తీయవచ్చు, సీసా మీది గీతలు చూసి ఎంత వచ్చిందో చెప్పవచ్చు. రెండోది ఊపిరితిత్తి లోపలే చేరుతుంది. మొదట గాలి గదుల గోడలు తడిసి దళసరి అవుతాయి, ముదిరితే గదులే నిండుతాయి. దీన్ని ఏ సూదీ తీయలేదు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, పురుగుమందు, తేలుకాటు, ఒళ్ళంతా పాకిన ఇన్‌ఫెక్షన్, ఇలా ఎన్నో దారుల్లో వస్తుంది.

మొదటి రకం నీటికి కొలత తొందరగానే దొరికింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ ఊళ్ళో సత్రం నడిపే ఇంట పుట్టిన లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ వియన్నాలో వైద్యుడయ్యాడు. ఛాతీని వేళ్ళతో తట్టి, వచ్చే మోతను బట్టి లోపల గాలి ఉందో నీరు ఉందో చెప్పవచ్చని 1761లో ఒక చిన్న పుస్తకం రాశాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగించింది ఆ తట్టడం ఒక్కటే కాదు. శవాల ఛాతీలోకి తానే నీళ్ళు ఎక్కించి, తడుతూ పోయి, మోత ఎక్కడ మొద్దుబారిందో నీటి మట్టం అక్కడిదాకా ఉందని సరిచూసుకున్నాడు. కొలిచే పద్ధతినే ముందు పరీక్షకు పెట్టాడన్నమాట. 1808లో నెపోలియన్ వైద్యుడు కోర్విసార్ ఆ పుస్తకాన్ని ఫ్రెంచిలోకి తెచ్చేదాకా లోకం పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత ఎక్స్‌రే వచ్చింది. నిలబెట్టి తీసిన ఫిల్ములో పక్కటెముకల కింది మూల పూడినట్టు కనిపించాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు ఉండాలి, పక్క నుంచి తీస్తే 50 చాలు. అల్ట్రాసౌండ్ అంతకన్నా తక్కువనే పట్టేస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టిన రోగిలో ఊపిరితిత్తికీ గోడకూ మధ్య ఎడం ఎన్ని మిల్లీమీటర్లో చూసి, దాన్ని 20తో హెచ్చిస్తే నీరు మిల్లీలీటర్లలో దాదాపుగా తేలుతుందని 2006లో బాలిక్ బృందం చూపింది. 25 మిల్లీమీటర్ల ఎడం ఉంటే అర లీటరు. ఇంత సులువైన లెక్క రెండో రకం నీటికి లేదు. ఇక మీదట నా మాటలన్నీ ఆ రెండోదాని గురించే.

ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తిలోనూ నీరు ఉంటుంది. రక్తనాళాల బయట, గోడల్లో ఉండే నీరు శరీరం బరువులో కిలోకు 3 నుంచి 7 మిల్లీలీటర్లు. 60 కిలోల మనిషిలో 180 నుంచి 420. కిలోకు 10 దాటితే అది జబ్బు. అంటే మంచికీ చెడుకీ మధ్య తేడా చెంబెడు నీళ్ళు కూడా కాదు. అందుకే దీన్ని కొలవడం అంత కష్టం.

ఈ నీరు ఎందుకు చేరుతుందో 1896లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ వివరించాడు. సన్నని రక్తనాళాల్లోని పీడనం నీటిని బయటికి తోస్తుంది, రక్తంలోని ప్రోటీన్లు దాన్ని లోపలికి లాగుతాయి. ఊపిరితిత్తుల్లో మామూలుగా తోసే బలం తక్కువ, లాగే బలం ఎక్కువ. గుండె ఎడమవైపు దారి మూసుకుపోయిందంటే రక్తం వెనక్కి నిలిచి, తోసే బలం పెరుగుతుంది. పాదరసం లెక్కన 18 మిల్లీమీటర్లు దాటాక గోడలు తడవడం మొదలు, 25 దాటితే గాలి గదుల్లోకి నీరు.

ఈ సంగతి వేలూరుకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళ జ్వరం వచ్చిపోయిన ఆడపిల్లల్లో మైట్రల్ కవాటం బిగుసుకుపోతుంది. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన ద్వారం ఒకటికి కుంచించుకుపోతుంది. పెళ్ళయ్యేదాకా ఎవరికీ తెలియదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం సుమారు సగం పెరుగుతుంది, అప్పుడు ఆ ఇరుకు దారి చాలదు. ఆరో నెలలోనో ఏడో నెలలోనో పడుకుంటే ఊపిరాడదు, దగ్గితే నురగ. 'వేవిళ్ళ నీరసం, కడుపు బరువు' అని ఇంట్లో సర్దిచెప్పుకున్న ఆ పిల్లలు ఎందరో ఆసుపత్రి చేరకుండానే పోయారు.

1949లో రీవ్ బెట్స్ సీఎంసీలో ఛాతీ శస్త్రచికిత్స విభాగం మొదలుపెట్టారు. 1961లో ఎన్. గోపీనాథ్ ఇక్కడే తెరచిన గుండె మీద ఆపరేషన్ చేశారు, దేశంలో ఆ పనికి తొలి అడుగుల్లో అదొకటి. కానీ ఈ జిల్లా పేదింటి ఆడపిల్లలకు ఎక్కువగా అక్కరకొచ్చింది అంతకన్నా సాదా ఆపరేషన్. గుండె కొట్టుకుంటూ ఉండగానే పై గదిలోంచి వేలు పోనిచ్చి, బిగిసిన కవాటాన్ని తెరవడం. ఇలా వరసగా చేసిన 3,724 మంది ఫలితాలను స్టాన్లీ జాన్ బృందం 1983లో ప్రపంచానికి చెప్పింది. ఇది వేలూరు గర్వపడాల్సిన సంఖ్య. ఆ ఆపరేషన్ బల్ల మీదికి చేరిన ప్రతి అమ్మాయి విషయంలోనూ, అంతకుముందు ఎవరో ఒకరు 'ఈ పిల్ల ఊపిరితిత్తుల్లో నీరుంది' అని గుర్తుపట్టారు. నా ఆలోచన ఆ గుర్తుపట్టిన మనిషి చుట్టూ తిరుగుతుంది.

ఆ మనిషి చేతిలో ఉన్నది చాలాసార్లు స్టెతస్కోపు. 1816లో లాయెనెక్ కనిపెట్టిన ఆ గొట్టం ఇప్పటికీ వార్డులో మొదటి కొలత. 'బేసల్ క్రెప్స్ ఉన్నాయి, లాసిక్స్ వేయండి' అన్న మాట రాత్రి డ్యూటీలో వినని నర్సు ఉండదు. క్రెప్స్ అంటే వీపు కింది భాగంలో వినిపించే సన్నని చిటపట, తడిసి అతుక్కున్న చిన్న గాలిదారులు ఊపిరి పీల్చినప్పుడు విడివడే చప్పుడు. పురుగుమందు తాగిన రైతు విషయంలో నేటికీ దీన్ని మించిన కొలత లేదు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మోతాదును అయిదు నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ పోతాం. ఎక్కడ ఆపాలో చెప్పేది ముఖ్యంగా చెవే, ఛాతీలో తడి చప్పుడు పోయేదాకా ఆపకూడదు. ఆ రాత్రుల్లో పక్కన కూర్చుని గంటగంటకూ ఛాతీ వినే హౌస్ సర్జన్ల ఓపిక ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది.

కానీ దీర్ఘకాలపు గుండె జబ్బులో చెవి మోసపోతుంది. నీరు మెల్లగా నెలల తరబడి చేరితే శోషరస నాళాలు వెడల్పై దాన్ని తోడిపోస్తూ ఉంటాయి. లోపల పీడనం పెరిగే ఉంటుంది, చప్పుడు మాత్రం ఉండదు. 1989లో స్టీవెన్సన్, పెర్లాఫ్ ఈ విషయాన్ని లెక్కతో చూపారు. ఊపిరితిత్తుల పీడనం 22 మిల్లీమీటర్లు, అంతకుమించి ఉన్న 43 మందిలో 18 మందికి క్రెప్స్ లేవు, కాళ్ళ వాపు లేదు, మెడ నరం ఉబ్బలేదు. పది మందిలో నలుగురిని మంచి డాక్టరు మంచి స్టెతస్కోపుతో చూసి 'ఏమీ లేదు, ఇంటికెళ్ళండి' అని పంపేయగలడన్నమాట. ఓపీలో కూర్చునే ప్రతి ఒక్కరూ ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

ఎక్స్‌రేలో కెర్లీ 1933లో గుర్తించిన అడ్డగీతలు ఉన్నాయి. అవి కనిపిస్తే నమ్మవచ్చు, కనిపించకపోతే నిశ్చింతగా ఉండలేం. ఇక ఐసీయూ పద్ధతులు. 1970లో స్వాన్, గాంజ్ బుడగ కట్టిన గొట్టాన్ని గుండెలోంచి ఊపిరితిత్తి నాళం దాకా తేలుతూ వెళ్ళేట్టు చేసి పీడనం కొలిచారు. అది నీటిని నేరుగా కొలవదు, తోసే బలాన్ని కొలుస్తుంది. నీటినే కొలిచే ఉపాయం అంతకుముందే, 1954లో షినార్డ్, ఎన్స్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఉంది. రక్తంలోనే ఉండిపోయే పదార్థం ఒకటి, గోడ దాటి నీటిలో కలిసిపోయేది ఇంకొకటి కలిపి ఒకేసారి ఎక్కిస్తారు. రెండూ అవతలికి చేరే సమయాల్లో తేడా వస్తుంది, ఆ తేడాలోంచి గోడల్లో ఎంత నీరుందో లెక్క తీస్తారు. తర్వాత రెండో పదార్థం బదులు చలిని వాడారు. చల్లని సెలైన్ మెడ నరంలోకి ఎక్కించి, తొడ ధమనిలో ఉష్ణోగ్రత ఎలా దిగి ఎలా లేచిందో చూస్తారు. కిలోకు 3 నుంచి 7 అని ఇందాక చెప్పిన అంకె ఈ తరహా కొలతల నుంచే వచ్చింది. ఎంతో అందమైన భౌతికశాస్త్రం ఇది. అయితే దీనికి మెడలో ఒక గొట్టం, తొడలో ఒక గొట్టం, పక్కనే కాపలా కావాలి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి సరిపోతుంది. గుడియాత్తం దారిలోని కె.వి. కుప్పంలో పొలం పనికి వెళ్ళే మనిషికి కుదరదు.

గుడియాత్తం వాళ్ళకు తెలిసిన ఒక్క పోలిక చెబుతాను. మోర్ధానా డ్యాము మట్టం చూసి కౌండిన్య నదికి నీళ్ళొస్తున్నాయని ఊరివాళ్ళను ముందే లేపుతారు. నీళ్ళు వీధిలోకి వచ్చాక ఎంత లోతుందో కొలిస్తే ఎవరికి ఉపయోగం? ఆయాసం వీధిలోకి వచ్చిన నీరు. మనకు మట్టం చూపే కొలత కావాలి.

అలాంటిది ఒకటి విద్యుత్తులో దొరికింది. గాలి కరెంటును అడ్డుకుంటుంది, ఉప్పునీరు పోనిస్తుంది. ఒంటికి తెలియనంత చిన్న కరెంటును ఛాతీలోంచి పంపి ఎంత అడ్డం తగిలిందో చూస్తే లోపలి తడి తెలుస్తుంది. 1966లో మిన్నెసోటాలో కుబిచెక్ బృందం వ్యోమగాముల కోసం ఈ పద్ధతిని మెరుగుపరిచింది. తర్వాత దీన్ని గుండె దగ్గర అమర్చే పేస్‌మేకర్ తరహా పరికరాల్లోనే పెట్టారు. 2005లో యూ బృందం ప్రకటించిన ఫలితం చూడండి. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిన రోగుల్లో ఈ అడ్డం సగటున 12 శాతం పడిపోయింది. ఆ పడిపోవడం ఆయాసం పెరగడానికి సగటున 15 రోజుల ముందే మొదలైంది.

పదిహేను రోజులు! ఆ రెండు వారాలూ రోగి మామూలుగానే తిరుగుతుంటాడు, సంతకు వెళతాడు, పెళ్ళిలో భోంచేస్తాడు. లోపల నీరు చేరుతూనే ఉంటుంది. ఒంట్లో నీటిని మూత్రంలోకి దించే నీళ్ళ మాత్ర ఇంకొకటి వేసుకుంటే ఇంట్లోనే తగ్గిపోయే స్థితి అది. పదిహేను రోజుల తర్వాత అదే మనిషి అర్ధరాత్రి ఆటోలోనో అంబులెన్సులోనో రాయవేలూరుకు వస్తాడు.

ఇక్కడ ఆగి ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీకు సగమే చెప్పినవాణ్ణవుతాను. ఆ పరికరం తడి పెరగగానే మోగేట్టు చేసి, రోగికే వినిపించేట్టు చేశారు. 2011లో వచ్చిన ఆ పరీక్ష ఫలితాల్లో, మోత వినిపించినవాళ్ళే ఎక్కువసార్లు ఆసుపత్రిలో చేరారు. మోగింది, భయపడ్డారు, పరుగెత్తుకొచ్చారు. మోగినప్పుడు ఏం చేయాలో, ఎవరిని అడగాలో తెలియని చోట కొలత కూడా కీడే చేస్తుంది. అంతకు ముందు ఏడు, 2010లో, అమెరికాలో 1,653 మంది మీద ఇంకో పరీక్ష జరిగింది. రోజూ ఫోను చేసి, బరువూ లక్షణాలూ యంత్రానికి చెప్పాలి. ఫలితంలో ఏ తేడా రాలేదు. రోగుల్లో 14 శాతం మంది అసలు ఒక్కసారీ ఫోను చేయలేదు. అవతల పలికేది గొంతు కాదు, రికార్డు. అలా చేయనివాళ్ళను నేను తప్పుపట్టలేను.

మరి గుడియాత్తం దారికి ఏది పనికొస్తుంది? రెండు చెబుతాను, ఒకటి కొత్తది, ఒకటి పాతది.

కొత్తది అల్ట్రాసౌండ్. గాలి నిండిన ఊపిరితిత్తిని అల్ట్రాసౌండ్ చూడలేదని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. పారిస్‌లో డేనియల్ లిక్టెన్‌స్టైన్ 1990ల్లో దాన్ని ఒప్పుకోలేదు. గోడలు తడిసిన ఊపిరితిత్తి నుంచి తెర మీద పైనుంచి కిందిదాకా నిలువునా తెల్లని గీతలు దిగుతాయి. వాటిని బి లైన్లు అంటారు. పక్కటెముకల మధ్య ఒకే సందులో మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే తడి ఉన్నట్టే. మందు పనిచేస్తే గంటల్లో తగ్గుతాయి. గొట్టం లేదు, రేడియేషన్ లేదు, ఫోనుకు తగిలించుకునే ప్రోబ్‌తోనూ చూడవచ్చు. నర్సమ్మలు కొద్ది శిక్షణతో నేర్చుకోగలిగిన పని.

కానీ ఆ ప్రోబ్‌ను సంచిలో వేసుకుని ఊరికి వెళ్ళడం మన దేశంలో అంత తేలిక కాదు. ఆడపిండాలను చంపకుండా ఆపడానికి 1994లో చట్టం వచ్చింది, 2003లో బిగిసింది. 2012లో చేర్చిన నిబంధన ప్రకారం మోసుకెళ్ళే అల్ట్రాసౌండ్‌ను రిజిస్టరైన ఆసుపత్రి ఆవరణలోనే, లేదంటే ఇతర వైద్యసేవలన్నీ ఇచ్చే సంచార వైద్య వాహనంలో భాగంగానే వాడాలి. ఈ చట్టం ఉండి తీరాలి. ఆడపిల్లను కడుపులోనే లేకుండా చేసే దేశంలో, ఆడవాళ్ళ ప్రాణాల కోసం మొదలైన ఆసుపత్రి ఉన్న ఊళ్ళో నిలబడి, దాన్ని సడలించమని నేను అడగను. నేను అడిగేది చట్టమే తెరిచి ఉంచిన దారిని వాడుకోమని. 1977లో సీఎంసీ కె.వి. కుప్పంలో రూసా అనే గ్రామీణ ఆరోగ్య కేంద్రాన్ని పెట్టింది, అది సరిగ్గా గుడియాత్తం దారిలోనే ఉంది. అలాంటి కేంద్రాల నుంచి కదిలే వైద్య వాహనాన్ని రిజిస్టర్ చేసి, అందులో ఛాతీ చూసే ప్రోబ్ ఒకటి పెట్టడానికి అడ్డేమిటి? కాగితాల పని ఉంది, ఓపిక కావాలి. అంతే కదా.

పాతది బరువు తూచే మిషను. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే అది కండ కాదు, కొవ్వు కాదు, నీరే. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ అవే తేలిక బట్టలతో చూసుకోవాలి. రోజూ చూస్తేనే దీనికి విలువ, ఆరు నెలలకోసారి ఓపీలో చూసే బరువుతో ఏమీ తేలదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం ప్రజల ఇంటికే వైద్యం తెచ్చే పథకం మొదలుపెట్టింది, 'మక్కళై తేడి మరుత్తువం'. ఆడవాళ్ళు సంచి తగిలించుకుని ఇంటింటికీ వచ్చి బీపీ చూస్తున్నారు, మాత్రలు ఇస్తున్నారు. గుండె జబ్బు ఉన్న ఇంటికి ఒక బరువు మిషను, ఒక నోటుపుస్తకం ఇవ్వడం ఆ పనికి పెద్ద బరువేమీ కాదు.

వాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు కూడా మార్చాలి. 'ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటారు?' అని మాకు కాలేజీలో నేర్పారు. చాప మీద చేయి తలకింద పెట్టుకుని పడుకునే అవ్వకు ఆ ప్రశ్న తగలదు. 'రాత్రి మధ్యలో లేచి గోడకు ఆనుకుని కూర్చుంటున్నావా అవ్వా?' అని అడగాలి. ఇంకోటి కూడా ఉంది. వంగిన అర నిమిషంలోపే ఆయాసం వస్తే గుండెలో పీడనం పెరిగిందని అర్థమని 2014లో అమెరికా వైద్యులు రాశారు. వాళ్ళు రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, ముందుకు వంగి పాదాలు తాకమన్నారు. మన ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే వాకిట్లో వంగి ముగ్గు వేస్తారు. నిన్నటిదాకా ఒక్క ఊపులో వేసిన ముగ్గుకు ఇవాళ మధ్యలో రెండుసార్లు నడుమెత్తి ఊపిరి తీసుకోవాల్సి వచ్చిందంటే, నోటుపుస్తకంలో అది కూడా రాయాలి. దీన్ని ఎవరైనా మన ఊళ్ళలో శ్రద్ధగా పరీక్షించి, బరువుతోనూ బి లైన్లతోనూ సరిపోల్చి, నిజమో కాదో తేల్చాలి. ఔయెన్‌బ్రుగ్గర్ శవాల ఛాతీలో నీళ్ళు పోసి చూసుకున్నంత నిజాయితీగా చేయాలి. ఇక్కడ కూర్చున్న కుర్ర డాక్టర్లలో ఒకరైనా ఈ పని భుజాన వేసుకుంటారని ఆశిస్తున్నాను.

చివరగా ఒక్క ఏర్పాటు గురించి. పుస్తకంలో రెండు కిలోలు పెరిగిందని రాశాక ఆ ఇంటివాళ్ళు ఎవరికి ఫోను చేయాలి? రికార్డుకు కాదు. తమ రోగి పేరు తెలిసిన, తెలుగైనా తమిళమైనా మాట్లాడే, 'ఇవాళ నీళ్ళ మాత్ర ఇంకొకటి వేసుకో, ఎల్లుండి మళ్ళీ బరువు చెప్పు, తగ్గకపోతే బస్సెక్కు' అని అధికారంతో చెప్పగలిగే నర్సమ్మకు. ఆమెకు ఆ అధికారం కాగితం మీద ఇవ్వాలి, ఆ పనికి జీతం ఇవ్వాలి, ఆమె సెలవులో ఉన్న రోజు ఎవరు మాట్లాడతారో కూడా ముందే రాసిపెట్టాలి. మిషన్లు కొనడానికి చందాలు ఇస్తామని ఈ సభలో ఇప్పటికే కొందరు ముందుకొచ్చారు. వారికి నా మనవి, మొదటి ఏడాది డబ్బు ఆ నర్సమ్మ జీతానికి పెట్టండి. మిషన్లు రెండో విడతలో కొందాం.